షోలవరం రన్‌వే నుంచి ఇరుంగాట్టుకోట్టై దాకా: మామూలు సెలూన్ కారును టూరింగ్ కారుగా (ట్రాక్ మీద రేసుకు దిగే కారుగా) తయారుచేయడం

చెన్నై నుంచి నెల్లూరు వైపు వచ్చే దారిలో రెడ్‌హిల్స్ దాటాక షోలవరం తగులుతుంది. అక్కడున్నది రెండో ప్రపంచ యుద్ధ కాలపు ఎయిర్‌స్ట్రిప్. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దాని మీద మూడు దశాబ్దాలకు పైగా రేసులు నడిపింది. ఫియట్ 1100లు, హెరాల్డ్‌లు, అంబాసిడర్లు, తర్వాత మారుతీ 800లు అక్కడే తిరిగాయి. విజయ్ మాల్యా ఎన్‌సైన్ ఫార్ములా వన్ కారు నడిపిందీ అక్కడే.

రన్‌వే అంటే చదునైన కాంక్రీటు, పొడవాటి స్ట్రెయిట్లు, వాటి చివర డ్రమ్ములు, గడ్డిమోపులు పెట్టి గీసిన ఇరుకు మలుపులు. కారు పూర్తి వేగంతో వచ్చి గట్టిగా బ్రేకు కొట్టి, చిన్న గేరులో మళ్లీ ఎత్తుకోవాలి. ఫియట్, అంబాసిడర్లకు నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే కాబట్టి అక్కడ గెలుపోటములు చాలావరకు బ్రేకుల దగ్గరే తేలిపోయేవి. స్థలం క్లబ్బుది కాదు. రేసుకు ముందు అన్నీ అమర్చాలి, అయ్యాక పీకేయాలి. అదుపు తప్పిన కారు ఆగడానికి ఖాళీ జాగా లేదు, జనం గడ్డిమోపుల వెనకే నిలబడేవారు. కార్ల వేగం పెరిగేకొద్దీ ఆ ఏర్పాటు సరిపోలేదు. క్లబ్ సొంతంగా శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సుమారు 3.7 కిలోమీటర్ల ట్రాక్ కట్టుకుంది. 1990లో అది తెరుచుకున్నాక షోలవరం రేసుల కాలం ముగిసింది.

కారు తయారుచేసేవాళ్లు ఈ చరిత్రను ఎందుకు గుర్తుంచుకోవాలంటే, ట్రాక్ మారగానే కారుకొచ్చే జబ్బులు కూడా మారతాయి. రన్‌వే బ్రేకులను తినేది. శాశ్వత ట్రాక్ మీద పొడవాటి వేగపు మలుపులుంటాయి, అవి ఇంజిన్ ఆయిల్‌ను, ఎడమ ముందు టైరును తింటాయి. కింద చెప్పేదంతా ఇరుంగాట్టుకోట్టై లాంటి ట్రాక్‌కు, ముందు చక్రాలు లాగే 1,000 కిలోల కారుకు (ఎస్టీమ్, హోండా సిటీ, పోలో లాంటివి) సంబంధించినది.

ముందు రూల్ బుక్కు

ఏ తరగతిలో దిగాలో తేల్చుకోకుండా స్పానర్ పట్టుకోవద్దు. దేశంలో టూరింగ్ కార్ రేసులు ఎఫ్ఎంఎస్‌సీఐ (దేశంలో మోటార్ స్పోర్ట్స్‌ను నడిపించే సమాఖ్య) నిబంధనల కింద జరుగుతాయి. ఒక తరగతిలో క్యామ్ షాఫ్ట్ (ఇంజిన్ వాల్వులను తెరిచే కడ్డీ) మార్చొచ్చు, ఇంకో దాంట్లో ఎయిర్ ఫిల్టర్ తప్ప ఏదీ ముట్టుకోకూడదు. కనీస బరువు, టైరు కంపెనీ, గేర్‌బాక్స్ పళ్లు, అన్నీ పుస్తకంలో ఉంటాయి, ఏటా మారతాయి. ఆ ఏటి ప్రతి తెచ్చుకుని, మార్చడానికి వీలున్నవాటి కింద గీత గీసుకోండి. పుస్తకంలో రాయనిది చేయొచ్చని అనుకోవద్దు. టూరింగ్ కార్ల నిబంధనలు దాదాపు అన్నిచోట్లా దీనికి తిరగేసి ఉంటాయి: అనుమతించామని రాస్తేనే అనుమతి.

పోటీ లైసెన్సుకు గుర్తింపున్న రేసింగ్ స్కూల్లో శిక్షణ, డాక్టరు సర్టిఫికెట్ కావాలి. ఆ శిక్షణ కారు కొనకముందే పూర్తిచేయండి. స్కూల్ కారులో రెండు రోజులు తిరిగాక చాలామంది కొనాలనుకున్న కారు మారుతుంది.

విప్పడం

సీట్లు, కార్పెట్లు, రూఫ్ లైనింగ్, వెనక డోర్ ప్యాడ్లు, స్టెప్నీ, ఏసీ పైపులు తీసేయాలి. ఎయిర్‌బ్యాగులకు పేలుడు మందు ఉంటుంది కాబట్టి బ్యాటరీ తీసి కనీసం పావుగంట ఆగాకే వాటి కనెక్టర్లు ముట్టుకోండి. స్టీరింగ్ లాక్ పూర్తిగా పీకేయడం తప్పనిసరి. ట్రాక్ మీద తాళంచెవి తిరిగి ఆఫ్ అయిందంటే, లాక్ పడిన స్టీరింగ్ నేరుగా గోడకే తీసుకెళ్తుంది.

ఫ్లోరు మీద అంటించిన తారు షీట్లను ఉలితో గీకితే రోజులు పడుతుంది, రేకు గీతలు పడుతుంది. డ్రై ఐస్ (గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్) ముక్కలు పరిచి పది పదిహేను నిమిషాలు వదిలేసి రబ్బరు సుత్తితో తడితే పెంకుల్లా లేచొస్తాయి. చేతికి మందపాటి గ్లవ్స్, కారు డోర్లన్నీ తెరిచి ఉండాలి. మూసిన కారులో ఆ గ్యాస్ ఊపిరాడనివ్వదు. షీట్లు లేచాక తుప్పు ఎక్కడుందో కనిపిస్తుంది. జాకీ పాయింట్లు, స్ట్రట్ టవర్లు (సస్పెన్షన్ పైకొస ఆనే చోట్లు), బి-పిల్లర్ (ముందు, వెనక డోర్ల మధ్య స్తంభం) అడుగు, ఈ మూడు చోట్ల తుప్పుంటే ఆ షెల్ వదిలేయండి. రోల్ కేజ్ (కారు పల్టీ కొట్టినా డ్రైవర్‌ను కాపాడే పైపుల చట్రం) కాళ్లు ఆనేది ఆ చుట్టుపక్కలే.

రోల్ కేజ్

ఎఫ్ఐఏ (ప్రపంచ మోటార్ స్పోర్ట్స్ సమాఖ్య) కొలతలు సూటిగా ఉంటాయి. మెయిన్ హూప్‌కు (డ్రైవర్ వెనక నిలిచే పెద్ద కమానుకు) 45 మి.మీ. వ్యాసం, 2.5 మి.మీ. మందం, లేదా 50 మి.మీ., 2 మి.మీ. మిగతా కడ్డీలకు 38 మి.మీ., 2.5 మి.మీ., లేదా 40 మి.మీ., 2 మి.మీ. అతుకు లేకుండా కోల్డ్ డ్రా చేసిన కార్బన్ స్టీలు కావాలి. పైపుల దుకాణంలో సీడీఎస్ అని అడిగి, మిల్లు టెస్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. గేట్లకు వాడే ఈఆర్‌డబ్ల్యూ పైపు పైకి ఒకేలా కనిపించినా లోపల పొడవునా అతుకుంటుంది, దెబ్బ తగిలితే అక్కడే చీలుతుంది. వంపు వ్యాసార్ధం పైపు వ్యాసానికి మూడు రెట్లకు తగ్గకూడదు. వంపు దగ్గర పైపు ముడతపడినా, కోడిగుడ్డు ఆకారానికి వచ్చినా అది తుక్కు కిందే లెక్క.

ప్రతి కాలి కింద కనీసం 3 మి.మీ. మందం, 120 చదరపు సెం.మీ. వైశాల్యం ఉన్న ప్లేటు, బోల్టులతో బిగిస్తే ఒక్కో కాలికి కనీసం మూడు ఎం8 బోల్టులు, 8.8 గ్రేడువి. వెనక్కి వెళ్లే కడ్డీలు వంపు లేకుండా, నిలువు నుంచి కనీసం 30 డిగ్రీల కోణంలో ఉండాలి.

ఎక్కువ కేజ్‌లు చెడేది రూఫ్ దగ్గరి వెల్డింగ్‌లో. పైకప్పుకు ఆనించి కట్టిన పైపుకు పై వైపు టార్చి పట్టదు, వెల్డర్ కింద సగమే వేసి వదిలేస్తాడు, చూసేవాళ్లకు తెలియదు. దారి ఏంటంటే, కాళ్లు ఆనేచోట ఫ్లోరుకు రంధ్రాలు కోసి, కేజ్‌ను పది పన్నెండు సెం.మీ. కిందికి దించి, పైభాగం చుట్టూ పూర్తిగా వెల్డింగ్ చేసి, మళ్లీ ఎత్తి కింద ప్లేట్లు పెట్టి మూసేయడం. ఒక రోజు పని పెరుగుతుంది. వెల్డింగ్ మొదలెట్టే ముందు బ్యాటరీతోపాటు ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) కూడా కారు నుంచి తీసి పక్కన పెట్టండి. కేజ్‌కు పల్చటి లేత రంగు పెయింట్ చాలు. మందపాటి పౌడర్ కోటింగ్ కింద పగులు కనపడదు.

హెల్మెట్ తగిలే అవకాశమున్న ప్రతి పైపుకూ ఎఫ్ఐఏ గుర్తున్న గట్టి ప్యాడింగ్ వేయాలి. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఏసీ పైపు ఫోమ్ అందుకు పనికిరాదు.

సీటు, బెల్టులు

సీటును కనీసం నాలుగు చోట్ల 8 మి.మీ. బోల్టులతో, 3 మి.మీ. స్టీలు బ్రాకెట్ల మీద కూర్చోబెట్టాలి. పాత సీటు పట్టాలు వద్దు. బెల్టులు ఆరు పాయింట్లవి. భుజం పట్టీలు వెనక్కి వెళ్లేటప్పుడు 45 డిగ్రీలకు మించి కిందికి దిగకూడదు. ఫ్లోరుకు కట్టేస్తే ఢీకొన్నప్పుడు వెన్నుపూసను కిందికి నొక్కేస్తాయి. కేజ్‌కు అడ్డంగా ఒక కడ్డీ వేయించి దానికి చుట్టడం మంచిది. బెల్టు, సీటు రెండింటి మీదా గడువు తేదీ ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వచ్చిందని కొంటే స్క్రూటినీలో (రేసుకు ముందు అధికారుల తనిఖీలో) ఆపేస్తారు. హెల్మెట్ కార్ రేసింగ్‌ది కావాలి: స్నెల్ ఎస్ఏ (కార్ రేసింగ్ హెల్మెట్ల ప్రమాణం) లేదా ఎఫ్ఐఏ గుర్తు. బైక్ హెల్మెట్ లోపలి గుడ్డ మంటను ఆపదు. హాన్స్ పరికరం (ఢీకొన్నప్పుడు తల, మెడను కాపాడేది), ఫైర్ సూట్, 2.4 లీటర్ల ఏఎఫ్ఎఫ్ఎఫ్ (మంటలార్పే నురగ) ఎక్స్‌టింగ్విషర్, బయటి నుంచి లాగే కిల్ స్విచ్ (కరెంటు, ఇంజిన్ ఆపేది), వాటి పక్కన స్టిక్కర్లు. వీటిలో బేరమాడేది ఏదీ లేదు.

బ్రేకులు

ఒక లెక్క చూద్దాం. వెయ్యి కిలోల కారు గంటకు 160 నుంచి 70 కిలోమీటర్లకు తగ్గితే దాదాపు 800 కిలోజౌళ్ల శక్తి వేడిగా మారుతుంది. రెండున్నర లీటర్ల నీళ్లను గది వేడి నుంచి మరిగే దాకా తెచ్చేంత వేడి అది. మూడు నాలుగు సెకన్లలో, అందులో మూడొంతుల దాకా ముందు రెండు డిస్కులకే పోతుంది. ల్యాప్‌కు (ట్రాక్ ఒక చుట్టుకు) అలాంటివి నాలుగైదు.

రోడ్డు ప్యాడ్లు రెండు మూడు ల్యాప్‌లకే చేతులెత్తేస్తాయి. అందుకే ముందు రేసు ప్యాడ్లు, తర్వాత బ్రేక్ ఆయిల్, ఆ తర్వాత చల్లార్చే గాలి, ఈ వరుసలో డబ్బు పెట్టండి. డ్రిల్లు చేసిన డిస్కులు చూడ్డానికి బాగుంటాయి కానీ రంధ్రాల దగ్గరే పగుళ్లు మొదలవుతాయి. కంపెనీ ప్లెయిన్ వెంటిలేటెడ్ (మధ్యలో గాలి పోయే ఖాళీలున్న) డిస్కు చాలు.

డాట్ 4 బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దగ్గర మరుగుతుంది. తేమ పీల్చుకున్నాక 155 దాకా పడిపోవచ్చు. చెన్నై గాలిలో తేమకు కొదవ లేదు. 300 డిగ్రీలు దాటి మరిగే రేసింగ్ ఆయిల్ వాడండి. అర లీటరు డబ్బాలు రెండు పెట్టుకుని, తెరిచినది మిగిలితే మళ్లీ వాడొద్దు. సిలికాన్ రకమైన డాట్ 5 జోలికి పోవద్దు, అది వీటితో కలవదు. ఏబీఎస్ ఉన్న కారులో స్కానర్‌తో పంపు తిప్పకుండా బ్లీడ్ చేస్తే (పాత ఆయిల్, గాలి బయటికి తీస్తే) లోపల పాత ఆయిల్ అలాగే ఉండిపోతుంది.

పెడల్ చెప్పే మాట వినడం నేర్చుకోండి. పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతే ఆయిల్ మరిగింది. పెడల్ రాయిలా గట్టిగా ఉండి కారు ఆగకపోతే ప్యాడ్ కాలింది. మొదటిదానికి మందు కొత్త ఆయిల్, గాలి. రెండోదానికి ఎక్కువ వేడి తట్టుకునే ప్యాడ్. ఈ రెండింటినీ కలగాపులగం చేసి ఆయిల్ మార్చి ప్యాడ్లు వదిలేసేవాళ్లు ప్రతి పిట్ లైన్లోనూ (కార్లు మరమ్మతుకు ఆగే వరుసలోనూ) ఉంటారు.

గాలి కోసం డిస్కు వెనకున్న రేకు కవచం తీసేసి, బంపరు నుంచి 75 మి.మీ. గొట్టం హబ్ మధ్యకు పెట్టండి. గాలి డిస్కు నడిమి నుంచి రెక్కల గుండా బయటికి పోవాలి. డిస్కు ఒక ముఖం మీదికే కొడితే రెండు వైపులా వేడి తేడా వచ్చి డిస్కు పగులుతుంది. ప్యాడ్ సగం అరిగినప్పుడే మార్చేయండి. పల్చబడ్డ ప్యాడ్ వేడిని నేరుగా పిస్టన్‌కు, ఆయిల్‌కు అందిస్తుంది.

కొత్త ప్యాడ్లు పట్టించేటప్పుడు 80 నుంచి 30 కిలోమీటర్లకు పదిసార్లు మధ్యరకంగా, తర్వాత 120 నుంచి 40కి నాలుగైదుసార్లు గట్టిగా బ్రేకు వేయండి. మధ్యలో కారు పూర్తిగా ఆపొద్దు. ఆపితే ఆ ఒక్కచోట ప్యాడ్ పదార్థం డిస్కుకు అంటుకుని తర్వాత స్టీరింగ్ వణుకుతుంది. చివర ఒక ల్యాప్ నెమ్మదిగా తిరిగి చల్లార్చండి. పిట్‌లోకి వచ్చాక హ్యాండ్ బ్రేక్ లాగొద్దు, చక్రానికి చెక్క దిమ్మ పెట్టండి.

ఆయిల్, నీళ్లు, పెట్రోల్

పొడవాటి మలుపులో సంపులోని (ఇంజిన్ అడుగు తొట్టెలోని) ఆయిల్ ఒక పక్కకు పోయి, ఆయిల్ పీల్చే పికప్ గొట్టం గాలి పీల్చుకుంటుంది. డ్యాష్‌బోర్డు లైటు వెలిగేసరికి బేరింగులు గీరుకుపోయి ఉంటాయి. ప్రెజర్ మీటరు పెట్టి, మలుపు మధ్యలో ముల్లు పడుతోందేమో చూడండి. సంపులో అడ్డుగోడలు, అంటే బాఫిల్ ప్లేట్లు వేయిస్తే చాలావరకు తీరుతుంది. ఆయిల్ ఎక్కువ పోసి సరిపెట్టాలని చూస్తే క్రాంకు తగిలి నురగవుతుంది, బ్రీదర్ (ఇంజిన్ లోపలి ఆవిరి పోయే గొట్టం) నుంచి బయటికి వస్తుంది. బ్రీదర్ గొట్టానికి, వచ్చే ఆయిల్ పట్టుకునే రెండు లీటర్ల క్యాచ్ ట్యాంకు పెట్టండి. ట్రాక్ మీద ఆయిల్ కారిస్తే మీ రేసుతోపాటు మిగతావాళ్లదీ పోతుంది.

రేడియేటర్లో ఆకుపచ్చ కూలెంట్ బదులు డిస్టిల్డ్ వాటర్, తుప్పు పట్టకుండా వేసే మందు చాలు. కూలెంట్‌లోని గ్లైకాల్ తారు మీద పడితే ఆయిల్ అంత జారుతుంది. పైగా మనకు గడ్డకట్టే చలి లేదు.

ట్యాంకులో పావు వంతు కంటే తగ్గినప్పుడు మలుపుల్లో ఇంజిన్ తుమ్మితే అది ఇగ్నిషన్ లోపం కాదు, పెట్రోల్ పక్కకు పోవడం. ప్రాక్టీసులో పది ల్యాప్‌లకు ఎంత తాగిందో కొలిచి, రేసుకు కావలసినదాని మీద తుమ్ము మొదలయ్యే మట్టం కలుపుకుని పోయండి.

టైర్లు, అలైన్‌మెంట్

సెమీ స్లిక్ (గాళ్లు తక్కువున్న రేసు) టైర్లకు చల్లగా ముందు 25, వెనక 27 పీఎస్ఐతో మొదలుపెట్టొచ్చు. చూడాల్సింది మాత్రం వేడెక్కాక వచ్చే అంకె. ముందు టైర్లు 32-34 దగ్గర నిలబడాలి. నాలుగైదు ల్యాప్‌లు వేగంగా తిరిగి, చల్లార్చే ల్యాప్ వేయకుండా నేరుగా పిట్‌లోకి వచ్చి, రెండు నిమిషాల్లోపు కొలవండి. ఎప్పుడూ ఒకే గేజి వాడండి. రెండు గేజిలు ఒకే మాట చెప్పవు.

అప్పుడే సూది ఉన్న థర్మామీటర్‌తో ప్రతి టైరుకూ లోపలి అంచు, మధ్య, బయటి అంచు చూడండి. లేజర్ గన్ పైపొర వేడే చూపిస్తుంది, అది పిట్ లైన్లోకి వచ్చేలోపే పడిపోతుంది. లోపల 92, మధ్య 87, బయట 82 వస్తే బాగుంది. మధ్యది రెండు అంచుల కంటే ఎక్కువుంటే గాలి ఎక్కువైంది, ఒకటి రెండు పీఎస్ఐ తీయండి. బయటి అంచు లోపలి కంటే వేడిగా ఉంటే నెగటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలడం) చాలలేదు.

ఉదయం ఏడింటికి సరిచూసిన గాలి మధ్యాహ్నం రెండింటికి అదే కాదు. పది డిగ్రీల తేడాకు దాదాపు ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుతుంది. ఎండలో నిలబెట్టిన కారుకు ఎండ పడే వైపు టైర్లు ఇంకా పెరుగుతాయి కాబట్టి పిట్‌లో టైర్లను నీడన పెట్టండి. కుడి మలుపులు ఎక్కువున్న ట్రాక్ మీద ఎడమ ముందు టైరు ఎక్కువ వేడెక్కుతుంది, దానికి మొదట్లో ఒక పీఎస్ఐ తక్కువ పెట్టాలి.

ముందు క్యాంబర్ మైనస్ 3 డిగ్రీల దగ్గర, వెనక మైనస్ 1.5 దగ్గర మొదలెట్టండి. ముందు టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) మొత్తం మీద 2 మి.మీ. బయటికి, వెనక సున్నా. కారు మలుపులోకి తిరగకుండా ముందుకు నెట్టుకుపోతుంటే చాలామంది ముందు స్ప్రింగులు గట్టివి వేస్తారు. ముందు చక్రాలు లాగే కారుకు అది రివర్సు మందు. వెనక యాంటీ రోల్ బార్ (మలుపులో కారు పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీ) గట్టిపరచండి. మలుపులో లోపలి వెనక చక్రం నేల వదిలి లేస్తే కంగారు వద్దు, టూరింగ్ కార్లు అలాగే తిరుగుతాయి. లోపలి ముందు చక్రం లేచి ఉత్తినే తిరుగుతుంటేనే సమస్య. నిబంధనలు ఒప్పుకుంటే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక చక్రమే ఉత్తినే తిరగకుండా రెండింటికీ శక్తి పంచేది) దానికి జవాబు.

ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చినది, ఆ సమయం, ట్రాక్ వేడి, ల్యాప్ టైం నోటు పుస్తకంలో రాసుకోండి. ఈ అంకెలను కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేకు ఉన్నవి ఉన్నట్టు తీసుకెళ్లినా పనిచేయవు. రెండు కిలోమీటర్లకు కాస్త పైనున్న ఆ ట్రాక్ మీద బ్రేకులకు చల్లారే తీరికే దొరకదు. 2011లో తెరిచిన గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో కిలోమీటరు దాటిన స్ట్రెయిట్ ఉంది. షోలవరం బెడద అక్కడ మళ్లీ మొదలవుతుంది: ఇంజిన్ కాసేపు పూర్తి చుట్లలో ఉండి, వెంటనే బ్రేకుల మీద మొత్తం బరువు పడుతుంది.

మొదటి సెషన్

మొదటి రెండు ల్యాప్‌లు సగం వేగం. తర్వాత లోపలికి వచ్చి వీల్ నట్లు టార్క్ రెంచ్‌తో చూడండి. ఈ సైజు కార్లకు సాధారణంగా 100-110 న్యూటన్ మీటర్లు, మీ కారు మాన్యువల్ చెప్పిందే ఖాయం. అల్లాయ్ వీల్ వేడెక్కి చల్లారాక నట్టు కొద్దిగా వదులవడం మామూలే. బానెట్ తెరిచి ఇంజిన్ మౌంట్లు, డ్రైవ్ షాఫ్ట్ రబ్బరు బూట్లు చూడండి. సైలెన్సర్ పైపు దగ్గరున్న బూటు ముందు కరుగుతుంది. గ్రీజు చక్రం లోపల చిమ్మి కనిపిస్తే ఆ రోజుకు ఆపేయడమే.

జెండాల్లో కొత్తవాళ్లు తడబడేది నల్లటి దాని మీద నారింజ చుక్క ఉన్నదాని దగ్గర. మీ నంబరుతో చూపిస్తే కారులో ఏదో వేలాడుతోందనో, కారుతోందనో అర్థం, వెంటనే పిట్‌లోకి రావాలి. పసుపు, ఎరుపు చారలది ముందు ట్రాక్ జారుడుగా ఉందని చెబుతుంది.

తూకం

రేసు అవ్వగానే కార్లు పార్క్ ఫెర్మేలోకి (అధికారుల అదుపులో ఉండే ఆవరణలోకి) వెళ్తాయి. అక్కడ అధికారులు చెప్పేదాకా మీరు గానీ మెకానిక్ గానీ కారును ముట్టుకోకూడదు, టైరులో గాలి చూసినా శిక్షే. తూకం అక్కడే వేస్తారు. చాలా తరగతుల్లో డ్రైవర్‌తో కలిపి లెక్క. ప్రాక్టీసు రోజునే నిర్వాహకుల కాటా మీద ఖాళీ ట్యాంకుతో తూచుకోండి, మీ ఊరి వేబ్రిడ్జి పది కిలోల అటూ ఇటూ చెబుతుంది. కనీస బరువు మీద నాలుగైదు కిలోలు ఎక్కువుండేలా చూసుకోండి. రేసులో ప్యాడ్లు, టైర్లు అరుగుతాయి, డ్రైవరుకు చెమట పోతుంది, తగిలిన దెబ్బకు బంపరు ముక్క ఊడిపోవచ్చు. తక్కువైతే ఇసుక సంచీ పనికిరాదు. సీసం లేదా స్టీలు దిమ్మను పక్క సీటు ఉన్న చోట ఫ్లోరుకు, కింద ప్లేటు వేసి, బోల్టులతో బిగించి, సీలు వేయడానికి వీలుగా బోల్టు తలకు రంధ్రం పెట్టించండి.